ఫ్రెట్ల మీద ఆకురాయి పెట్టే ముందు

"అన్నయ్యా, ఫ్రెట్లన్నీ అరగదీయించేశాను. అయినా అదే మోత. ఇప్పుడేటి చెయ్యమంటావు?"

శ్రీకాకుళం నుంచి మా పిన్ని కొడుకు ఫోన్. వాడిది పూర్తి హాలో బాడీ గిటారు, అంటే లోపలంతా బోలుగా ఉండే ఎలక్ట్రిక్ గిటారు. పైపలకలో f అక్షరం ఆకారంలో కోసిన రెండు ఎఫ్ హోల్స్, తీగ ఊపుని కరెంటుగా మార్చే రెండు పికప్‌లు, తీగలు ఆని ఉండే బ్రిడ్జి, అదీ చెక్కకి అతికించకుండా కేవలం తీగల ఒత్తిడితో నిలబడేది. ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు, పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాతో తిరుగుతాడు. ఐదో తీగని ఖాళీగా మీటితే చాలు, లోపల ఎవరో పిన్నీసుల డబ్బా ఊపినట్టు గలగల. రిపేరు చేసినాయన ఒకసారి మీటి విని, తీగ ఫ్రెట్లకి, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గట్లకి తగులుతోందని తేల్చేసి ఆకురాయి పట్టాడు. డబ్బు ఖర్చయింది, ఫ్రెట్ల ఎత్తు తగ్గింది, మోత అలాగే ఉంది.

గిటారు విజయనగరం తీసుకొచ్చాక చూస్తే కారణం బ్రిడ్జి దగ్గర దొరికింది. ట్యూన్-ఓ-మాటిక్ రకం బ్రిడ్జిల్లో తీగకొకటి చొప్పున తీగల్ని మోసే ఆరు చిన్న శాడిల్స్ ఉంటాయి, తీగ తెగినప్పుడు అవి ఊడి కింద పడిపోకుండా కొన్నిటికి పైన సన్నటి కమ్మీ ఒకటి అడ్డంగా పెడతారు. 1954లో గిటార్ల కంపెనీ గిబ్సన్ ఈ బ్రిడ్జిని తెచ్చినప్పుడు ఆ కమ్మీ లేదు, 1960ల మొదట్లో వచ్చి చేరింది. మావాడి గిటారులో దాని ఒక కొస గాడిలోంచి లేచి ఉంది. వేలితో నొక్కితే మోత ఆగింది, వేలు తీస్తే మొదలైంది. కమ్మీని కొద్దిగా వంచి మళ్లీ గాడిలో కూర్చోబెట్టి, కొసలో గోళ్ల రంగు చుక్క పెట్టాం. అంతే. వాడికి సంతోషం కంటే బాధే ఎక్కువైంది, ఎందుకంటే అరిగిపోయిన ఫ్రెట్లు తిరిగి రావు.

ఈ ఒక్క గిటారు సంగతే అయితే నేనింత రాయను. మన రెండు జిల్లాల్లో హాలో బాడీ గిటార్లు తక్కువ, ఉన్న ఆ కొద్దిమందీ దాదాపు ఇదే కథ చెబుతున్నారు. మోత వచ్చింది, షాపుకి ఇచ్చాం, ఫ్రెట్లు అరగదీశారు లేదా నట్టు (మెడ పైకొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) మార్చారు లేదా తీగలు బాగా పైకి లేపేశారు, మోత పోలేదు, పోయినా నెలకే తిరిగొచ్చింది. నా అభిప్రాయం ఒకటే: శబ్దం ఎక్కడ పుడుతోందో వేలితో ముట్టుకుని రుజువు చేసుకునేదాకా, వెనక్కి తీసుకోలేని పని ఏదీ ఆ గిటారు మీద చెయ్యకూడదు. చెక్క తియ్యడం, లోహం అరగదీయడం, లోపల జిగురు పొయ్యడం, ఇవన్నీ ఆఖర్న రావాలి. ఇందులో కొత్తేముంది, అందరికీ తెలిసిందే కదా అంటారేమో. తెలిసే ఉంటుంది. కానీ చేతుల్లోకి వచ్చేసరికి వరస తిరగబడుతోంది, ముందు ఆకురాయి, తర్వాత ఆలోచన.

వినబడే చోటు, పుట్టే చోటు

తిరగబడడానికి కారణం ఉంది, అది రిపేరు చేసేవాళ్ల అశ్రద్ధ మాత్రమే కాదు. వాళ్ల దగ్గరికి వచ్చేవి ఎక్కువగా మామూలు అకూస్టిక్ గిటార్లు, సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ గిటార్లు. సాలిడ్ బాడీలో బరువైన చెక్క ముక్క తీగ ఊపుని అంతగా అందుకోదు, కాబట్టి అక్కడ జిర్రుమంటే పదింట తొమ్మిదిసార్లు తీగే ఎక్కడో ఫ్రెట్టుకి తగులుతున్నట్టు. ఆ అనుభవం వాళ్ల చేతికి అలవాటైపోయింది. హాలో బాడీ అలా కాదు. పలచటి పైపలక, పలచటి వెనక పలక, మధ్యలో గాలి. తీగ ఊగితే పెట్టె మొత్తం ఊగుతుంది, పెట్టెకి తగిలించిన ప్రతి మర, స్ప్రింగు, వైరు, రేకు కూడా. వాటిలో ఏదైనా కాస్త వదులుగా ఉండి, దానికి నచ్చిన స్వరం దగ్గరికి మనం వచ్చామంటే అది పలకడం మొదలుపెడుతుంది. ఎఫ్ హోల్స్ ఉన్న పూర్తి హాలో గిటార్లు ఇలా ఊగి ఆంప్ (యాంప్లిఫయర్) దగ్గర ఊళ పెడుతున్నాయనే 1958లో గిబ్సన్ తన ఈఎస్-335 గిటారులో మధ్యన చెక్క దిమ్మ పెట్టారు. దిమ్మ ఉన్నవాటిలో ఈ బాధ కాస్త తక్కువ, అసలు లేదని మాత్రం కాదు.

ఇంకో చిక్కు. శబ్దం ఎక్కడ పుట్టినా పలకంతా పాకి ఎఫ్ హోల్స్‌లోంచి బయటికి వస్తుంది. వాయించేవాడి తల గిటారు పైన ఉంటుంది, కళ్లు ఫ్రెట్ల మీద ఉంటాయి. చూస్తున్న చోటు నుంచే శబ్దం వస్తోందనిపిస్తుంది. ఒకే గిటారుని ముగ్గురికి ఇచ్చి మోత ఎక్కడో వేలు పెట్టి చూపించమంటే మూడు చోట్లు చూపించడం నేను చూశాను, ముగ్గురూ మంచి చెవి ఉన్నవాళ్లే. చెవి ఏ స్వరమో చెబుతుంది, మోత ఉందో లేదో చెబుతుంది. చోటు విషయంలో మాత్రం నేను దాన్ని నమ్మను.

అందుకే మొదట అడగాల్సింది "ఎక్కడ" అని కాదు, "ఏ స్వరానికి" అని. ఐదో తీగ ఖాళీగా మీటితే వచ్చేది 'ఏ' (A) అనే స్వరం, అంటే సెకనుకి 110 కంపనాలు. ఆరో తీగ ఐదో ఫ్రెట్టు దగ్గర నొక్కినా అదే 110. ఒకచోట మోత వచ్చి రెండోచోట రాకపోతే అప్పుడు మెడ మీద, నట్టు మీద, ఫ్రెట్ల మీద అనుమానపడాలి. రెండుచోట్లా వస్తే మోత స్వరాన్ని అనుసరిస్తోంది, ఫ్రెట్టుని కాదు. అంటే ఏదో వదులు వస్తువు 110కి ఊగుతోంది. ఈ పరీక్షకి పనిముట్లు అక్కర్లేదు, నిమిషం కూడా పట్టదు. మావాడి గిటారు మీద ఆకురాయి పడకముందు ఈ ఒక్కటి చేసి ఉంటే సరిపోయేది.

ఇది తిరుగులేని పరీక్ష అనను. తీగ 110 దగ్గర మోగుతుంటే దాంతోపాటు 220, 330 కూడా లోపల సన్నగా ఉంటాయి, వదులు వస్తువు వాటిలో దేనికైనా పలకొచ్చు. కాబట్టి నాలుగో తీగ ఏడో ఫ్రెట్టు, మూడో తీగ రెండో ఫ్రెట్టు కూడా మీటి చూడాలి, రెండూ 220యే. అక్కడ మోత ఇంకా ఎక్కువైతే దొంగ ఆ పై స్వరం దగ్గర ఉన్నట్టు. ఆరో తీగ లావు, ఐదోది సన్నం, మీటే బలం తేడా ఉంటే ఫలితం కూడా మోసం చెయ్యొచ్చు. అయినా ఫ్రెట్లని అరగదీయాలా అన్న ప్రశ్నకి దీనికంటే చవకైన వడపోత నాకు తెలీదు.

తీగల్ని గుడ్డతో కట్టేస్తే

ఇంకా గట్టి రుజువు కావాలంటే ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఒకటి పెట్టుకోండి, ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌ని ఆంప్‌కి కలపండి. గిటారుని ఒళ్లో పెట్టుకుని స్పీకరు ఎదురుగా కూర్చుని, తీగలన్నిటినీ మెత్తటి గుడ్డతో కదలకుండా కట్టేసి, సెకనుకి 80 నుంచి 400 కంపనాల దాకా మెల్లగా పెంచుకుంటూ వెళ్లండి. స్పీకరు ఊపుకి గిటారు పెట్టె ఊగుతుంది. ఏదో ఒక అంకె దగ్గర మీ మోత వినబడితే, తీగలు కదలడం లేదు కాబట్టి ఫ్రెట్లకి దాంతో సంబంధం లేదని తేలిపోయినట్టే. వాదన అక్కడితో ఆగిపోతుంది. అంకెని అక్కడే నిలిపి రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని ఒక్కొక్క భాగాన్నీ వేలితో తాకుతూ రండి.

తల దగ్గర తీగ బిగించే బిరడాల కింద మర నట్లు. వేలితో తిప్పితే తిరిగిపోయేంత వదులుగా ఉండడం మామూలే, తీగ అక్కడ అటూ ఇటూ లాగుతూనే ఉంటుంది కదా. బిరడా నుంచి బయటికి పొడుచుకొచ్చిన తీగ కొసలు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడండి. మెడ వంపు సర్దే లోహపు కడ్డీ, అంటే ట్రస్ రాడ్, దాని బిగువు పూర్తిగా సడలిపోయి ఉంటే మెడ లోపల కదులుతుంది, మెడ వెనక వేలి కణుపుతో కొడితే తెలుస్తుంది. పిక్‌గార్డు, దాన్ని పక్కన పట్టి ఉంచే బ్రాకెట్టు. వాల్యూమ్, టోన్ నాబుల కింద నట్లు. కేబులు గుచ్చే జాక్ నట్టు, ఇది అందరికంటే పెద్ద దొంగ, ఎందుకంటే రోజూ గుచ్చి తీసి గుచ్చి తీసి వదులు చేసేది మనమే.

పికప్‌ల కింద స్ప్రింగుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పికప్ ఎత్తు సర్దడానికి రెండు పొడుగు మరలు, వాటి చుట్టూ స్ప్రింగులు ఉంటాయి. పికప్‌ని బాగా కిందకి దింపినా పైకి లేపినా స్ప్రింగు బిగువు మారి జుయ్‌మంటుంది. ఆ స్ప్రింగు తీసేసి దాని చోట మెత్తటి రబ్బరు గొట్టం ముక్క వేస్తే ఆ మోత పూర్తిగా పోతుంది. విదేశాల్లో దీనికోసం సిలికాన్ గొట్టాలు అమ్ముతారు. మనకి ఏ సైకిల్ షాపులోనైనా వాల్ ట్యూబు దొరుకుతుంది, మర సైజుని బట్టి లావు చూసుకుని కావలసినంత కత్తిరించుకోవడమే. మరకి మరీ బిగుతైతే కొంచెం సబ్బు నీళ్లు రాయండి.

తోక వైపు ట్రపీజ్ టెయిల్‌పీస్ (తీగల చివర్లు తగిలించే లోహపు చట్రం) ఉంటే దాని కీలు చూడాలి. బ్రిడ్జికీ టెయిల్‌పీస్‌కీ మధ్య మిగిలిన తీగ ముక్కలు కూడా తమంతట తాము మోగుతాయి. అది వదులు వల్ల వచ్చే మోత కాదు, కానీ చాలామంది పొరబడతారు. ఉన్ని గుడ్డ పట్టీ ఒకటి ఆ ముక్కల మధ్య పైకీ కిందకీ అల్లితే ఆగిపోతుంది. బ్రిడ్జి అడుగు పైపలక వంపుకి పూర్తిగా అంటుకుని కూర్చోకపోయినా గలగలే. పలక మీద సన్నటి ఎమరీ కాగితం గరుకు పైకి ఉండేలా పరిచి, దాని మీద బ్రిడ్జి అడుగుని మెల్లగా రుద్దుతూ ఆ వంపు తెప్పిస్తారు. ఇది చెక్క తీసే పనే, కాబట్టి నా వరసలో ఇదీ వెనకే. తీగలన్నీ ఒక్కసారి విప్పేస్తే బ్రిడ్జి జరిగిపోతుంది, ముందే దాని చుట్టూ మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టుకోండి.

లోపలి వైర్లు విసుగు తెప్పిస్తాయి. పైపలకకి తగులుతూ ఒక వైరు వేలాడుతుంటే, దాన్ని చేరడానికి మామూలు దారి ఎఫ్ హోలే. దంతవైద్యులు వాడే చిన్న అద్దం, ఫోన్ టార్చి, చివర కొద్దిగా వంచిన గట్టి తీగ ఉంటే వైరుని పక్కకి లాగి స్పాంజి ముక్కతో నిలబెట్టొచ్చు. ఓపిక కావాలి.

గదిని కూడా అనుమానించండి. నా స్నేహితుడొకాయన తన గిటారు లోపల బ్రేస్ (పలకకి ఆసరాగా అతికించిన చెక్కబద్ద) ఊడిపోయిందని నిశ్చయానికొచ్చేశాడు. బి ఫ్లాట్ స్వరం దగ్గర ప్రతిసారీ చిర్రుమనేది. గిటారు పట్టుకుని డాబా మీదకి వెళ్లి వాయిద్దాం రమ్మన్నాను. అక్కడ ఒక్క చిర్రు లేదు. కిందకి దిగి మళ్లీ వాయిస్తే ఉంది. షోకేసు అద్దం గాడిలో వదులుగా ఉంది, దాని వెనక స్టీలు గ్లాసులు. ఆయన అప్పటికే గిటారుని బెంగళూరు పంపడానికి ప్యాకింగ్ గురించి కనుక్కుంటున్నాడు.

వీణ మెట్లు, గిటారు ఫ్రెట్లు

ఈ వెనక్కి తీసుకోలేని పని అన్న మాట నా బుర్రలో గట్టిగా నాటుకుంది బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో. పనసచెక్క వీణలు చేసే ఊరు, మీకు చెప్పక్కర్లేదు. అక్కడ ఒక పెద్దాయన పాత వీణకి మేళం కడుతుంటే, అంటే మెట్లు అమరుస్తుంటే చాలాసేపు కూర్చుని చూశాను. ఇరవైనాలుగు మెట్లూ మైనంలో నిలబడి ఉంటాయి. ఒక మెట్టు దగ్గర తీగ జర్రుమంటే ఆ మైనాన్ని వేడి చేసి మెట్టుని వెంట్రుకవాసి కిందకో పైకో జరిపి, చల్లారనిచ్చి మళ్లీ వింటారు. కుదరకపోతే మళ్లీ వేడి చేస్తారు. లోహం పోదు, చెక్క పోదు. గిటారు ఫ్రెట్టు చెక్క గాడిలో కొట్టి బిగించింది, దాని ఎత్తే మహా అయితే మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. ఆకురాయి పట్టిన ప్రతిసారీ అందులోంచి కొంత పోతుంది, కొన్నిసార్ల తర్వాత మొత్తం ఫ్రెట్లు పీకి కొత్తవి వెయ్యాలి.

నా గిటారు ఆయన చేతికిచ్చాను. తీగ మీటలేదు. తిరగేసి, వేలి కణుపులతో వెనకా ముందూ అంతా తట్టుకుంటూ వచ్చి, "ముందు కుండ పలుకు చూడాలి బాబూ, మెట్లు తరవాత చూద్దారి" అన్నారు. కుండ అంటే వీణలో బోలుగా ఉండే బుర్ర. ఆయన గిటారు రిపేరు చేసే మనిషి కాదు, ఆ పలుకుబడి వీణది. కానీ బ్రేస్ ఊడిందో లేదో కనిపెట్టడానికి గిటార్లు చేసేవాళ్లు చేసేదీ సరిగ్గా ఇదే. పలక అంతటా ఒకేలా పలికి ఒక్కచోట పొడిగా, పగిలినట్టుగా పలికితే లోపల జిగురు వదిలిందని అనుమానించాలి. అది నిజమైతే మాత్రం ఇంట్లో చేసుకునే పని కాదు. ఎఫ్ హోల్‌లోంచి క్షణంలో అంటుకునే జిగురు పిచికారీ చేసేవాళ్లున్నారు, దయచేసి వద్దు. ఆ జిగురు ఎటు పాకిందో కనబడదు, తర్వాత సరిగ్గా అతికించేవాడికి ముందు దాన్ని గోకి తియ్యడమే పెద్ద పని అవుతుంది.

వీణ గురించి రాశాను కాబట్టి ఒక అభ్యంతరం కూడా చూడాలి. సంగీత కళాశాలలో చదివిన ఒకావిడ నన్నడిగారు: తంబురాలో తీగ కింద దారం పెట్టి మరీ ఆ జుమ్మనే నాదం తెప్పించుకుంటాం, గిటారులో అదే వస్తే తప్పెలా అవుతుంది? మంచి ప్రశ్న, చాలారోజులు ఆలోచించాను. తంబురాలో ఆ నాదం నాలుగు తీగల మీదా వస్తుంది, దారాన్ని కాస్త జరిపితే పెరుగుతుంది, తగ్గుతుంది, మన చెయ్యి చెప్పినట్టు వింటుంది. గిటారు పెట్టెలో వదులు మర ఒక్క స్వరానికి మాత్రమే పలుకుతుంది, పక్క స్వరానికి పలకదు. పాట మధ్యలో ఆ ఒక్క స్వరం దగ్గరికి రాగానే ఇంకెవరో వచ్చి దూరినట్టవుతుంది. నాకు తేడా అక్కడ ఉంది. ఆవిడ పూర్తిగా ఒప్పుకోలేదు, ఆంప్‌లో వినబడని మోత గురించి ఇంత యాతన ఎందుకని కూడా అన్నారు. ఆ రెండో మాటలో నిజముంది. తీగలు బాగా కిందకి ఉండాలని కోరుకునేవాళ్లు కాస్త ఫ్రెట్ మోతని భరిస్తారు, అది పికప్‌లోంచి పెద్దగా రాదు. స్టేజీ మీద మాత్రమే వాయించేవాళ్లకి అది చాలు. ఇంట్లో ఆంప్ లేకుండా వాయించుకునేవాళ్లకి, మైకు పెట్టి రికార్డు చేసేవాళ్లకి చాలదు.

గుడ్డలు కుక్కడం గురించి

ఎఫ్ హోల్స్‌లో స్పాంజి కుక్కెయ్ అనే సలహా కూడా బాగా తిరుగుతోంది. ఆంప్ దగ్గర ఊళ పెట్టే సమస్యకి అది పనిచేస్తుంది. అమెరికన్ బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ పేరుతో గిబ్సన్ 1980లో తెచ్చిన లూసిల్ గిటారుకి ఆ ఊళ తప్పించడానికే అసలు ఎఫ్ హోల్సే పెట్టలేదు. కానీ మోత పోగొట్టడానికి కుక్కడమంటే పెట్టె ఊపునే చంపెయ్యడం. వదులు మర అలాగే ఉంటుంది, గిటారు గొంతు మూగబోతుంది. ఎవరైనా హాలో బాడీ కొనుక్కునేదే ఆ ఊపు కోసం.

ఫ్రెట్లే తప్పు చేసే సందర్భాలు లేవా? ఉన్నాయి, కానీ అప్పుడు కూడా ఆకురాయి కంటే ముందు చూడాల్సింది వాతావరణం. మన సముద్రపు గాలికి తేమ ఎక్కి పైపలక ఉబ్బుతుంది, తీగలు లేస్తాయి. అదే గిటారు వేసవంతా ఏసీ గదిలో ఉంటే పలక దిగుతుంది, తీగలు ఫ్రెట్లకి తగలడం మొదలవుతుంది. అలా కాలంతో వచ్చి పోయే మోతకి బ్రిడ్జి ఎత్తు సర్దే చక్రాలు కాస్త పైకి తిప్పడం, ట్రస్ రాడ్‌ని పావు చుట్టు సర్దడం చాలు. ఒకటో ఫ్రెట్టూ, చివరి ఫ్రెట్టూ నొక్కి పట్టుకుంటే మధ్యలో తీగకీ ఫ్రెట్టుకీ పావు మిల్లీమీటరు దాకా సందు ఉండాలి. ఖాళీ తీగకి మాత్రమే మోత ఉండి మొదటి ఫ్రెట్టు దగ్గర కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగించగానే పోతే అది నట్టు గాడి తప్పు. ఇవన్నీ చూశాక కూడా ఒక్క ఫ్రెట్టే మిగతావాటికంటే లేచి ఉందని స్కేలు పెట్టి చూపిస్తే, అప్పుడు ఆ ఒక్కదాన్ని అరగదీయమనండి. అన్నిటినీ కాదు.

రిపేరు చేసేవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. ఫ్రెట్లు అరగదీస్తే ఇంత అని రేటు ఉంటుంది. గంటసేపు కూర్చుని వెతికి ఒక నట్టు బిగిస్తే ఎంత తీసుకోవాలి? నట్టు బిగించినందుకు ఇంతా అని మనమే గొడవపడతాం. కనబడే పని చేస్తేనే డబ్బిస్తామంటే వాళ్లు కనబడే పనే చేస్తారు. మావాడు ఫ్రెట్లకి ఇచ్చినదాంట్లో సగం వెతికినందుకు ఇస్తానని ముందే చెప్పి ఉంటే, బహుశా ఆయన కూడా ఆ కమ్మీని కనిపెట్టేవాడే. చేతకానివాడేం కాదు.

కాబట్టి గిటారు షాపుకి ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసి ఇవ్వండి: ఏ స్వరానికి మోత వస్తోంది, అదే స్వరం ఇంకో తీగ మీద మీటితే వస్తోందా లేదా, తీగలు కట్టేసి స్పీకరు ఎదుట పెడితే వచ్చిందా, ఆంప్‌లో వినబడుతోందా, ఏసీ గదిలో ఉంచారా. వెతికినందుకు విడిగా ఇస్తానని అక్కడే చెప్పండి. ఆకురాయి పట్టేముందు ఫోన్ చెయ్యమని నంబరు కూడా ఆ కాగితం మీదే రాయండి.